ధనుర్వాతం గదిలో వైర్‌లెస్ పెట్టె

2006వ సంవత్సరం, వానాకాలం. అప్పటికి రాజమండ్రిలో నాకు సొంతంగా ఒక చిన్న సర్వీసు షాపు ఉండేది. కంప్యూటర్లు బాగుచేసే షాపులు ఊళ్ళో చాలానే ఉండేవి గానీ, నా పని కొంచెం వేరు. యంత్రాన్నీ కంప్యూటర్నీ కలిపి మాట్లాడించడం నా పని. రైసు మిల్లు కాటా మీదికి లారీ ఎక్కితే ఆ బరువు ఆఫీసులో కంప్యూటర్ మీద కనబడాలి. రక్తం పరీక్షించే మిషను ఫలితం చూపిస్తే అది నేరుగా రిపోర్టులో పడాలి. ఇలాంటి యంత్రాల వెనక తొమ్మిది సూదుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్ని సీరియల్ పోర్టు అంటారు. సమాచారం ఒకే తీగ మీద, ఒకదాని వెనక ఒకటిగా వెళ్తుంది కనుక ఆ పేరు. ఆ సాకెట్‌తో నాకు పదేళ్ళ పరిచయం. చాలావరకు అది విసుగు పుట్టించే పనే. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేను మరిచిపోలేని కేసు.

మా షాపుకి దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. వెనకటి మేడ ఒకటి కొని ఆసుపత్రిగా మార్చారు. గోడలు మూరెడు మందం. వాళ్ళ లేబొరేటరీ పని నేనే చేసిపెట్టాను. అక్కడ మత్తు డాక్టరు, ఐసీయూ కూడా చూసుకునే పద్మజ గారు ఒకరోజు ఉదయం ఫోన్ చేశారు.

"రాంబాబు గారూ, మా ల్యాబ్ మిషన్లకి చేసిన పని పేషెంటు మానిటర్‌కి చేయగలరా? ఒకసారి రండి. వచ్చేటప్పుడు చప్పుడయ్యేవి ఏవీ వంటి మీద ఉంచుకోకండి."

ఆ చివరి మాట అర్థం కాలేదు. వెళ్ళాక తెలిసింది.

పేషెంటు పేరు వీర్రాజు. అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. నేలలో పాతిన ఇనప గునపానికి కొబ్బరికాయ గుచ్చి పీచు వలవడం అతని పని. ఒకరోజు కాయ జారి గునపం అరచేతిలో దిగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుని మర్నాడు మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. కొన్నాళ్ళకి నోరు తెరవలేకపోయాడు. పన్ను నొప్పి అనుకుని ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. మెడ పట్టేసి, వీపు బిగుసుకుపోయాక గానీ ఇంట్లోవాళ్ళకి భయం పుట్టలేదు. ధనుర్వాతం.

డాక్టరు గారు వరండాలో నిలబడి గొంతు తగ్గించి చెప్పారు. "చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా, ఎవరైనా తాకినా ఒళ్ళంతా బిగుసుకుపోతుందండి. విల్లులా వంగిపోతారు. ఊపిరాడదు. అందుకే మేడ మీద చివరి గది ఇచ్చాం, రోడ్డుకి దూరంగా ఉంటుందని. కిటికీలకి నల్లగుడ్డ కట్టాం. చెప్పులు లేకుండా వెళ్తాం. లోపల ఎవరం మాట్లాడుకోం."

"మరి ఆయనకి స్పృహ ఉందాండి?"

"అదేనండి ఈ జబ్బులో దారుణం. మందుల వల్ల మగతగా ఉంటారు గానీ, చాలావరకు అన్నీ తెలుస్తుంటాయి. దవడ పట్టేసింది, గొంతు దగ్గర కోసి గొట్టం వేశాం. మాట్లాడలేరు, అంతే."

అసలు సమస్య ఆ తర్వాత చెప్పారు. రెండో వారానికి ఈ జబ్బు గుండె మీద పడుతుందట. గుండె ఉన్నట్టుండి పరుగెడుతుంది, లేదా ఉన్నట్టుండి నెమ్మదించిపోతుంది. అలా జరిగితే మంచం పక్కనున్న మానిటర్ అలారం కొడుతుంది. ఆ అలారం చప్పుడుకే వీర్రాజుకి బిగింపు వస్తోంది. చప్పుడు ఆపేస్తే బయట ఎవరికీ తెలియడం లేదు. ఒక సిస్టర్‌ని ఎప్పుడూ ఆ చీకటి గదిలోనే కూర్చోబెట్టేంత మంది వాళ్ళకి లేరు. ముందురోజే సిస్టర్ పక్క గదిలో ఇంకో మంచం దగ్గర ఉండగా అతని గుండె పడిపోయింది. ఆవిడ తిరిగి వచ్చి చూసింది కనుక బతికాడు.

"ఆ అలారం లోపల మోగకూడదు. మెట్ల అవతల సిస్టర్ల టేబుల్ దగ్గర మోగాలి. అంతే నాకు కావాల్సింది" అన్నారు.

తాళంచెవులు, సెల్‌ఫోను, వాచీ టేబుల్ మీద పెట్టి, జేబులో చిల్లర కూడా తీసేసి, సిస్టర్ కరుణ వెనకాల వట్టికాళ్ళతో ఆ గదిలోకి వెళ్ళాను. తలుపు అంచులకి దుప్పటి ముక్కలు కుట్టి ఉన్నాయి. చీకటికి కళ్ళు అలవాటయ్యాక మంచం మీద మనిషి కనిపించాడు. నలభై దాటి ఉండవు. పెదాలు రెండువైపులా లాగేసి ఉన్నాయి, చూస్తే నవ్వుతున్నాడేమో అనిపించేలా. నవ్వు కాదని కళ్ళు చెబుతున్నాయి. ఆ కళ్ళు నావైపు తిరిగాయి. నేను చూపు తప్పించి మానిటర్ వెనక్కి వంగాను. తొమ్మిది సూదుల సాకెట్ ఉంది. తల ఊపి బయటికి వచ్చేశాను. 

మెట్ల పక్కన బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. వీర్రాజు భార్య నాగమణి. నన్ను చూసి లేచి నిలబడింది.

"లోపలికెళ్ళొచ్చారా అండి? ఎలా ఉన్నాడండి?"

"నేను డాక్టర్ని కాదమ్మా. మిషను చూసేవాణ్ణి."

"మడిసిని చూశారు కదండి. మీకు ఎలా కనిపించాడు?"

"మెలకువగా ఉన్నాడమ్మా" అన్నాను. ఆమె అదే చాలన్నట్టు మళ్ళీ కూర్చుంది. చేర్చిన రోజు నుంచీ ఆమెని లోపలికి పంపలేదని సిస్టర్ తర్వాత చెప్పింది. ఏడుపు ఆపుకోలేదేమోనని భయం.

మొదట తీగే వేద్దామనుకున్నాను. గోడకి కన్నం పెట్టే మాట లేదు, ఆ డ్రిల్లు చప్పుడుకే మనిషి పోతాడు. సిస్టర్ లోపల సాకెట్‌కి తగిలించిన సన్నటి కేబుల్‌ని తలుపు కింద సందులోంచి లాగి, వరండా అంచు వెంబడి పరిచి, టేబుల్ దగ్గర కంప్యూటర్‌కి కలిపాను. మేకులు కొట్టకుండా ప్లాస్టరు అంటించాను. సాయంత్రం దాకా బాగానే ఉంది. ఇంతలో పక్క గదికి స్ట్రెచర్ తీసుకెళ్తుంటే దాని చక్రంలో కేబుల్ పడింది. లోపల మానిటర్ స్టాండు ఒక్క కుదుపుకి ఒరిగి మంచానికి తగిలింది. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు, పెద్దదేం కాదు. ఆ చప్పుడు తర్వాత లోపలినుంచి ఇంకేమీ వినపడలేదు. డాక్టరు గారు పరుగున వెళ్ళడం, సిస్టర్ చేతిలో సూదిమందు, అంతే చూశాను. చాలాసేపటికి డాక్టరు గారు బయటికి వచ్చి, "ఈసారికి తగ్గింది. కేబుల్ తీసేయండి" అన్నారు.

ఇక మిగిలింది తీగ లేకుండా పంపడం.

ఒక మిల్లు కాటా కోసం తెప్పించిన పెట్టె ఒకటి నా షాపులో ఉంది. సీరియల్ వైర్‌లెస్ కన్వర్టర్. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది, రేకుది, వెనక చిన్న యాంటెన్నా. ఒకవైపు తొమ్మిది సూదుల తీగ తగిలిస్తే, ఇంకోవైపు అదే సమాచారం గాలిలో వెళ్ళి కంప్యూటర్‌కి చేరుతుంది. కంప్యూటర్‌కి మాత్రం తీగ తగిలించినట్టే అనిపిస్తుంది. ఇప్పుడు వైర్‌లెస్ అంటే ఇంటింటా ఉంది గానీ, ఆ రోజుల్లో ఆ మాట చెబితే డాక్టర్లు కూడా అనుమానంగా చూసేవారు. పద్మజ గారు అడిగిన మొదటి ప్రశ్న అదే. "ఆ రేడియో తరంగాలకి మందు ఎక్కించే పంపు పాడవదు కదా?" వాడకంలో లేని పంపు ఒకటి తెప్పించి, దాని పక్కనే పెట్టెని గంటలకొద్దీ నడిపి చూపించాకే ఒప్పుకున్నారు.

ఈ పెట్టెలో సెట్టింగులు రెండు రకాలు. ఒకటి యంత్రం వైపు. యంత్రం ఎంత వేగంగా మాట్లాడుతుందో పెట్టె అంతే వేగంగా వినాలి. దాన్ని బాడ్ రేటు అంటాం. రెండోది గాలి వైపు. ఏ పేరుగల నెట్‌వర్క్‌లో చేరాలి, ఏ ఛానెల్ మీద, ఏ రహస్య తాళంతో, తన చిరునామా ఏమిటి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా పెట్టె మూగదే. ఆసుపత్రి స్టోరు గదిలో మందుల అట్టపెట్టెల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నెట్‌వర్క్ పేరు ఇచ్చాను, ఛానెల్ ఇచ్చాను. తాళం దగ్గర ఆగిపోయింది. నేను మాటల్లో ఇచ్చిన తాళాన్ని ఈ పెట్టె ఒప్పుకోదు, అంకెలూ అక్షరాలూ కలిపిన దాని సొంత లిపిలో రాసివ్వాలి. అది కనిపెట్టేసరికి మధ్యాహ్నం అయింది.

ఇంకో చిక్కు నేను ఊహించనిది. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ, సెట్టింగు మార్చిన ప్రతిసారీ ఆ పెట్టె రెండుసార్లు కీచుమని కూస్తుంది. తయారుగా ఉన్నానని చెప్పడం దాని ఉద్దేశం. కాటా దగ్గరైతే అది సౌకర్యం. ఈ గదిలో అది ప్రాణాపాయం. కూత ఆపే సెట్టింగు ఎక్కడా దొరకలేదు. పెట్టె విప్పి, ఆ కూత పెట్టే చిన్న నల్లబిళ్ళని బోర్డు మీదనుంచి ఊడదీశాను. ముందు మిణుకు మిణుకుమనే మూడు దీపాల మీద నల్ల టేపు రెండు వరసలు అంటించాను. ఆపరేషన్ థియేటర్లో అదే రకం మానిటర్ ఇంకోటి ఉంటే దానికి తగిలించి చూశాం. సిస్టర్ కరుణ తన వేలికి క్లిప్పు పెట్టుకుంది. కంప్యూటర్ తెర మీద ఆవిడ గుండె వేగం పెద్ద అంకెల్లో కనిపించింది. నాకు తృప్తిగా అనిపించింది.

డాక్టరు గారు కాసేపు ఆ అంకెనే చూసి, "మధ్యలో ఆ లింకు పోయిందనుకోండి. అప్పుడు ఇక్కడ ఏం కనిపిస్తుంది?" అన్నారు.

నేను పెట్టె కరెంటు తీసేశాను. సిస్టర్ క్లిప్పులోంచి వేలు తీసేసింది. తెర మీద 84 అలాగే ఉంది. ఎంతసేపు చూసినా 84.

"సిస్టర్ వేలు తీసేసింది కదా. ఇది ఇంకా ఎనభై నాలుగు అంటోంది" అన్నారావిడ, కోపమేమీ లేకుండా. "ఇది మాకు ఏమీ లేకపోవడం కంటే ప్రమాదం అండి. ఏమీ లేకపోతే మేం లోపలికి వెళ్ళి చూస్తాం. ఇది చూసి వెళ్ళకుండా ఆగిపోతాం."

ఆ రోజు ఇంకేమీ బిగించలేదు. నేను రాసిన ప్రోగ్రాం మళ్ళీ విప్పాను. లోపలినుంచి కొన్ని సెకన్లు కొత్త కబురు రాకపోతే పాత అంకె చెరిగిపోవాలి, తెర ఎర్రబడాలి, గుండె ఆగితే మోగినంత గట్టిగా అలారం మోగాలి. అలా మార్చి, కరెంటు పదేపదే తీసి పెట్టి, ప్రతిసారీ మోగిందని ఆవిడే స్వయంగా చూసుకున్నాకే సరేనన్నారు.

మర్నాడు గదిలో పెట్టాం. మడత పెట్టిన దుప్పటి మీద పెట్టెని ఆనించి, కనెక్టర్ మరలు స్క్రూడ్రైవర్‌తో కాకుండా వేళ్ళతో తిప్పాను. పక్కనే వీర్రాజు ఊపిరి గొట్టంలోంచి వస్తూ పోతూ ఉంది. ఈసారి కూడా అతని కళ్ళు నావైపే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. మాట్లాడకూడదు కనుక ఊరుకున్నాను.

బయటికి వచ్చి చూస్తే తెర మీద అంకెలు లేవు. ప్రశ్నార్థకాలు, గీతలు, అర్థం లేని గుర్తులు. అది చూసి నాకు కొంత ధైర్యం వచ్చింది. గాలి వైపు దారి బాగుంది, యంత్రం వైపు వేగమే కలవడం లేదు. థియేటర్లో మానిటర్‌కీ దీనికీ ఎవరో ఎప్పుడో వేరే వేగం పెట్టి ఉంటారు. అది ఎంతో చూడాలంటే మానిటర్ మీద మీటలు నొక్కాలి. ప్రతి మీటకీ టిక్కుమని చప్పుడు. అది కుదరదు. కానీ పెట్టె గాలిలో నాకు అందుతోంది. వరండాలో కూర్చునే, దాని యంత్రం వైపు సెట్టింగు ఒక్కొక్కటే మార్చుతూ పోయాను. మార్చిన ప్రతిసారీ అది మళ్ళీ లేచి, మళ్ళీ నెట్‌వర్క్‌లో చేరాలి. కూత లేదు కనుక లోపల ఏమీ తెలియదు. ఒక వేగం దగ్గర సగం అక్షరాలు కుదిరాయి. ప్యారిటీ అని ఇంకోటి ఉంటుంది, తప్పు వస్తే పట్టుకునే గుర్తు, అది కూడా మార్చాను. తెర ఒక్కసారి తెల్లబడి, 97 అని కనిపించింది. ఆ వెంటనే 98. మళ్ళీ 96.

డాక్టరు గారు లోపలికి వెళ్ళి మానిటర్ చూసి వచ్చి, తల ఊపారు.

బల్ల మీదనుంచి నాగమణి చూస్తూనే ఉంది. దగ్గరికి వచ్చి, "ఆ అంకె ఏంటండి?" అంది.

"మీ ఆయన గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెబుతుందమ్మా."

"ఎప్పటిదండి?"

"ఇప్పటిదే. ఈ నిమిషానిది."

ఆమె తెరకి ఎదురుగా నిలబడిపోయింది. కాసేపటికి సిస్టర్ కరుణ ఎవర్నీ అడక్కుండా ఆ బల్లని ఈ చివరనుంచి ఎత్తి, తెర కనిపించే చోటికి జరిపింది.

తర్వాత రోజుల్లో సిగ్నల్ చూసే వంకతో తరచూ వెళ్ళేవాణ్ణి. వాన పడి గోడలు తడిస్తే సిగ్నల్ తగ్గుతుందేమోనని అనుమానం. ఒక మధ్యాహ్నం నేను అక్కడుండగానే అలారం మోగింది. తెర ఎర్రబడలేదు. అంటే లింకు ఉంది. అంకె 60 నుంచి 45కి, 38కి దిగుతోంది. డాక్టరు గారు, సిస్టర్ చెప్పులు వరండాలోనే వదిలేసి ఏ చప్పుడూ లేకుండా పరుగెత్తారు. తలుపు మూసుకుంది. ఇక్కడ నేనూ నాగమణీ మిగిలాం. 33. ఆమె బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ అంకెని అక్కడికి తెచ్చింది నేనే, అయినా దాన్ని ఒక్క అంకె కూడా పెంచలేను. 31 దగ్గర కాసేపు ఆగింది. తర్వాత 40. 58. 74.

నాగమణి నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత నన్ను అడిగింది.

"బాబూ, మీ పెట్టి లోపల సంగతి బయటికి చెబుతుంది కదండి. బయట సంగతి లోపలికి చెప్పదాండి?"

"ఏం చెప్పాలమ్మా?"

"నేను ఇక్కడున్నానని. అంతే."

డాక్టరు గారు బయటికి రాగానే ఆ మాట ఆవిడకి చెప్పాను. "చేర్చిన రోజు నేను చెప్పానండి ఆయనకి, ఎందుకు చీకట్లో పెడుతున్నామో. అప్పుడు ఎంత మందు ఎక్కి ఉందో, ఎంత గుర్తుందో మరి" అన్నారు. "మనిషి గొంతు ఏం చేస్తుందో చెప్పలేం. బిగింపు రావచ్చు, రాకపోవచ్చు. ఇన్నాళ్ళూ ఆ సాహసం చేయలేదు. లోపల నిలబడి చూద్దామంటే మేం కదిలే అలికిడే ఇంకో చప్పుడు." ఆగి, తెరవైపు చూశారు. "ఇప్పుడు బయట కూర్చుని చూడొచ్చు కదా."

బిగింపులు కొంచెం ఎడం ఇస్తున్నాయనిపించిన ఒక రోజు, రోడ్డు మీద సందడి లేని మధ్యాహ్నం వేళ, నాగమణిని పిలిచారు. కాళ్ళు కడుక్కోమన్నారు. సిస్టర్ ఆమె చేతులు చూసి, "గాజులు తీసేయమ్మా, చప్పుడవుతాయి" అంది.

నాగమణి చేతులు వెనక్కి తీసుకుంది. "గాజులు తియ్యనండి" అంది. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. "ఆయన దగ్గరికెళ్తా గాజులు తీసి ఎళ్ళమంటే నేనెళ్ళలేనండి."

సిస్టర్‌కి అప్పుడు అర్థమైంది. ఇద్దరూ కలిసి ఆ గాజులన్నీ మోచేతి దాకా పైకి తోసి, వాటి మీద కట్టుగుడ్డ చుట్టారు. కాలి మెట్టెల మీద కూడా గుడ్డ చుట్టి ప్లాస్టరు అంటించారు. డాక్టరు గారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "తాకొద్దు. ఏడవొద్దు. రెండు మాటలు, నెమ్మదిగా. చెప్పి వచ్చేయ్" అన్నారు. సిస్టర్ మందు సిద్ధంగా పట్టుకుని వెంట వెళ్ళింది. డాక్టరు గారు తెర ముందు కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను.

98 ఉంది. అది 104 అయింది. 112. 121 దగ్గర డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. తలుపు వైపు ఒక అడుగు వేసి, ఆగి, మళ్ళీ తెర చూశారు. 119. 110. అంకె దిగుతూ దిగుతూ ముందున్న చోటు కూడా దాటి 90 దగ్గర నిలబడింది. ఆ అంకె అక్కడ అలా నిలబడటం అన్ని రోజుల్లో నేను చూడలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు.

లోపల నాగమణి ఏమందో సిస్టర్ చెప్పింది. "ఇదిగో. నేను. బయటే ఉన్నాను. ఎక్కడికీ ఎళ్ళలేదు." అంతేనట. ఆ రోజు నుంచి రోజూ ఆమెని కాసేపు లోపలికి పంపేవారు. డాక్టరు గారో, వారు లేకపోతే ఇంకో డాక్టరో బయట తెర ముందు కూర్చునేవారు.

వీర్రాజు బతికాడు. అది పెట్టె వల్ల అని నేను అనను. మందు, చేతులు, కాపలా, అతని ఒంట్లో బలం, అన్నీ ఉన్నాయి. వీర్రాజు ఆ గది ఖాళీ చేశాక ఇంకో పల్లెటూరి నుంచి ఇదే జబ్బుతో వచ్చిన ఒక ముసలాయన అదే గదిలో, అదే పెట్టె పక్కన చనిపోయాడు. అలారం సరిగ్గానే మోగింది. అందరూ సమయానికే వెళ్ళారు. అయినా దక్కలేదు.

వీర్రాజుని జనరల్ వార్డులోకి మార్చారని తెలిసి చూడటానికి వెళ్ళాను. గొంతు గాయం మానుతోంది. మాట బొంగురుగా, ఆగి ఆగి వస్తోంది. నడుం ఇంకా పూర్తిగా వంగడం లేదు, గోడకి ఆనుకుని నిటారుగా కూర్చున్నాడు. నాగమణి గిన్నెలో జావ కలుపుతోంది.

"పెట్టి బాబుగారు" అని పరిచయం చేసింది.

"తెలుసు" అన్నాడతను. "రెండుసార్లు వచ్చారండి తమరు. మిషను ఎనక్కి ఎళ్ళారు."

"ఆయ్" అన్నాను. "అన్నీ తెలిసేవా మీకు?"

"తెలిసేయండి. ఎవరో వచ్చేవోరు. గొట్టం సరిచేసేవోరు. ఎల్లిపోయేవోరు. ఒక్కళ్ళూ మాటాడేవోరు కాదు. ఎప్పుడు చూసినా చీకటి. ఇంటిది రాలేదు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "చచ్చిపోయాననే అనుకున్నానండి. మరి చచ్చాక కూడా ఈ నొప్పులేంటా అని, అదొక్కటే అర్థమయ్యేది కాదు."

నాగమణి గిన్నెలో గరిటె ఆగిపోయింది. ఆమెకి కూడా అతను అప్పటిదాకా ఆ మాట చెప్పలేదనుకుంటాను.

"తర్వాత ఇది వచ్చి, ఇదిగో నేను అంది" అన్నాడు వీర్రాజు. "అప్పుడు తెలిసిందండి, బతికే ఉన్నానని."

ఆ మాట పద్మజ గారికి చెప్పాను. ఆ తర్వాత ఆ గదికి ఒక కొత్త పద్ధతి వచ్చింది. డ్యూటీ మారినప్పుడల్లా వచ్చిన సిస్టర్, పేషెంటు చెవికి దగ్గరగా వంగి, నెమ్మదిగా, ఇది ఆసుపత్రి, ఈ రోజు ఫలానా వారం, మీవాళ్ళు బయట ఉన్నారు, ఈ చీకటి మీ మంచికే అని చెప్పాలి. బయట ఒకరు తెర చూస్తూ ఉండాలి. ఎవరికైనా అంకె మరీ ఎగబాకితే ఆ పూటకి ఆపేసేవారు. చాలామందికి ఎగబాకలేదు.

ఆ పెట్టె కొన్నేళ్ళు పనిచేసింది. తర్వాత ఆసుపత్రివాళ్ళు అన్నీ కలిసి ఉండే కొత్త మానిటర్లు కొన్నారు, నాలాంటివాడి అవసరం తీరిపోయింది. వీర్రాజు మళ్ళీ కాయలు వలవలేకపోయాడు. పీచు తాళ్ళు పేనే షెడ్డులో కూర్చుని చేసే పని దొరికిందని ఒకసారి నాగమణి ఫోన్‌లో చెప్పింది.

నా వృత్తిలో నేను నేర్చుకున్నవి చాలావరకు సెట్టింగులే. ఏ వేగం, ఏ ఛానెల్, ఏ తాళం. అవి పుస్తకంలో దొరుకుతాయి, దొరక్కపోతే ఒక్కొక్కటీ మార్చి చూస్తే దొరుకుతాయి. ఈ కేసు నేర్పింది అలాంటిది కాదు. రెండుసార్లు ఆ గదిలోకి వెళ్ళాను, రెండుసార్లూ ఆ మనిషి నావైపే చూశాడు. నేను చూసింది సాకెట్‌ని. ఆ గదిలో మాట్లాడకూడదన్నది నిజమే, నేను మాట్లాడి ఉంటే తప్పే అయ్యేది. కానీ మాట్లాడటానికి అభ్యంతరం లేని గదులు అంతకుముందు ఎన్నో చూశాను. వాటిలోనూ నేను నేరుగా యంత్రం దగ్గరికే నడిచేవాణ్ణి.

కొన్నేళ్ళ తర్వాత కాకినాడలో ఒక ఐసీయూలో ఇలాంటి పని మీదే వెళ్ళాను. మంచం మీద ఒక పెద్దాయన, చాలా రోజులుగా తెలివిలో లేరట. నేను యంత్రం వెనక్కి వెళ్ళే ముందు ఆయన తల దగ్గర ఆగి, "అయ్యా, నా పేరు రాంబాబు. రాజమండ్రి నుంచి వచ్చాను" అన్నాను. తలుపు దగ్గర ఉన్న ఆయన కొడుకు మర్యాదగానే, "నాన్నగారికి వినపడదండి, స్పృహలో లేరు" అన్నాడు.

"సరేనండి" అని, పెద్దాయన వైపే తిరిగి మిగతాది చెప్పాను. "మీ మిషనుకి చిన్న పెట్టె తగిలిస్తున్నానండి. మీకు నొప్పేమీ ఉండదు. మీ అబ్బాయి గుమ్మం దగ్గరే ఉన్నారు."